విడిపోయిన దంపతుల బిడ్డకు దోషం అంటగట్టడం ఏ శాస్త్రం?



కార్తిక సోమవారం ప్రదోషవేళ, గోదావరీ తీరంలోని ఒక శివాలయంలో అర్చన కోసం భక్తులు వరుసలో నిలిచి ఉన్నారు. తొమ్మిదేళ్ళ బాలుడొకడు అమ్మమ్మ చేయి పట్టుకుని గర్భాలయం ముందుకు వచ్చాడు. అర్చకుడు అలవాటు ప్రకారం గోత్రనామాలు అడిగాడు. “భారద్వాజస” అని బాలుడు మొదలుపెట్టగానే అమ్మమ్మ అడ్డుకున్నది.

“మన గోత్రం చెప్పు నాన్నా. కౌశికస.”

“నాది భారద్వాజస కదా అమ్మమ్మా?”

“ఆ ఊసు ఎత్తవద్దని చెప్పానా లేదా? కౌశికస అను.”

బాలుడు ఏ గోత్రమూ చెప్పలేదు. వెనుక నిలిచిన పెద్దమనిషి ఒకరు పక్కవారితో, తగ్గిన గొంతుతోనే అయినా పిల్లవానికి వినబడేటట్లు, “తల్లీతండ్రీ విడిపోయారండీ. మూలా నక్షత్ర జాతకుడు. పుట్టుకే అటువంటిది” అన్నారు. అర్చకుడు వివాదం ఎందుకని గోత్రం విడిచి, నామం మాత్రం చెప్పి పుష్పం సమర్పించాడు.

అరనిమిషంలో ముగ్గురు పెద్దలు ఒక పసివానికి మూడు అపచారాలు చేశారు. ఒకరు అతని తండ్రిని కొట్టివేశారు. ఒకరు అతని జన్మనే అపరాధంగా నిర్ణయించారు. మూడవవాడు, శాస్త్రం తెలిసినవాడు, తెలిసీ మౌనం వహించాడు. ముగ్గురూ ఆస్తికులే. ముగ్గురూ తాము ధర్మపక్షాన ఉన్నామనే అనుకుంటున్నారు. ఈ భ్రాంతిని ఖండించవలసిన సమయం వచ్చింది.

ముందుగా, ఈ చర్చనే అనవసరమనే వారి మాట చూడాలి. “దంపతుల వియోగం మన సంప్రదాయంలో లేదు, అది పాశ్చాత్య జాడ్యం, దానిని గూర్చి ఆలయాలలో, సత్సంగాలలో మాట్లాడితే దానికి ఆమోదముద్ర వేసినట్లే” అని వారు అంటారు. సప్తపది నడిచిన దంపతులు కడదాకా కలిసి ఉండాలనడంలో ఎవరికీ విప్రతిపత్తి లేదు. వివాహం సంస్కారమే గాని ఒప్పందం కాదు. అయితే లోకంలో ఎడబాటు అనేదే ఉండేది కాదనడం మాత్రం అసత్యం. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో పరస్పర ద్వేషం వలన కలిగే విడుదలకు ‘మోక్షం’ అనే పేరే పెట్టాడు. ధర్మవివాహాలకు అది వర్తించదని కూడా అక్కడే చెప్పాడు. అంటే ఆ సమస్యను చూశాడు, దానికి హద్దులు గీశాడు. పరాశర, నారద స్మృతులు భర్త కనబడకుండా పోయినప్పుడు, సన్యసించినప్పుడు, పతితుడైనప్పుడు స్త్రీ గతి ఏమిటో విచారించాయి. ఋషులు కళ్ళు మూసుకోలేదు. ఇప్పటి సంస్కృతీ రక్షకులే మూసుకుంటున్నారు.

సరే, విడిపోవడం తప్పే అనుకుందాం. ఆ తప్పు ఎవరిది? ఇద్దరిలో ఒకరిది కావచ్చు, ఇద్దరిదీ కావచ్చు, జాతకాలు చూసి గుణాలు లెక్కబెట్టి మనుషులను మాత్రం చూడని పెద్దలది కావచ్చు. ఏ లెక్కలోనూ అది బిడ్డది కాదు. తప్పు చేసినవారిపై కోపంతో తప్పు చేయనివానికి చేయూత నిరాకరించడం ఏ ధర్మం? ఇల్లు కాలుతూ ఉంటే, దీపం అజాగ్రత్తగా పెట్టినవారిని తిట్టడం తరువాత. లోపలి పసివానిని బయటకు తేవడం ముందు. పెళ్ళిపీటల దగ్గర సంభావన పుచ్చుకున్న పౌరోహిత్య వర్గం, ఆ పెళ్ళి చెదిరిన రోజున ఆ ఇంటి పిల్లల ముఖం చూడకుండా తప్పుకుంటున్నదంటే అది నిష్ఠ కాదు, పిరికితనం.

ఇక గోత్రం మాట. తైత్తిరీయం అధ్యయనం చేసిన ప్రతివాడూ శీక్షావల్లిలోని సంహితోపాసనను వల్లించి ఉంటాడు. అక్కడ తల్లి పూర్వరూపం, తండ్రి ఉత్తరరూపం, సంతానం వారి సంధి అని ఉపదేశం. స్వరం తప్పకుండా ఈ మాట చెప్పగలిగినవారు ఎందరో ఉన్నారు. దాని అర్థాన్ని ఒక ఇంటి గడపలో నిలబెట్టి చూసినవారు తక్కువ. రెండు అక్షరాలు కలిసినప్పుడు పుట్టిన సంధిరూపంలో పూర్వాక్షరం ఎంత, పరాక్షరం ఎంత అని కత్తితో కోసి చూపడం సాధ్యమా? అకార ఇకారాలు కలిసి ఏకారం అయిన తరువాత, ఆ ఏకారంలో నుండి ఇకారాన్ని మాత్రం పెరికివేస్తానంటే ఏకారం మిగులుతుందా? పూర్వపరాక్షరాలు పదచ్ఛేదంలో విడిగా నిలబడవచ్చు. సంధిలో మాత్రం రెండూ ఉండి తీరుతాయి. దంపతులు విడివిడిగా జీవించవచ్చు. బిడ్డలోని తండ్రిని తల్లి, బిడ్డలోని తల్లిని తండ్రి తీసివేయజాలరు. “నీ తండ్రి నీచుడు” అని తల్లి అన్నప్పుడు బిడ్డ వినేది “నాలో సగం నీచం” అని. “అచ్చం మీ అమ్మ బుద్ధే” అని తండ్రి ఈసడించినప్పుడు బిడ్డ తన శరీరంలోనే ఒక శత్రువును మోస్తున్నట్లు భావిస్తాడు. ఈ మాటలు అనేవారికి అవి ఎదుటి మనిషిపై వేసిన రాళ్ళు. తగిలేది మధ్య నిలిచినవానికి.

అదే వల్లిలో సమావర్తన సమయాన ఆచార్యుడు శిష్యునికి చేసే అనుశాసనం సుప్రసిద్ధం. తల్లిని దేవతగా చూడమన్నది ఒక వాక్యం. తండ్రిని దేవతగా చూడమన్నది మరొక వాక్యం. ఇద్దరినీ ద్వంద్వసమాసంగా కలిపి ఒకే విధిగా చెప్పలేదు. ఈ విభాగాన్ని ఇలా గ్రహించవచ్చు: రెండు విధులు ఉన్నప్పుడు ఒకదాని ప్రవృత్తికి రెండవది ఆధారం కాదు. వారు కలిసి ఉన్నంతకాలమే ఈ భావన అనే నియమం ఎక్కడా లేదు. దాంపత్యం లోపించినంత మాత్రాన మాతృత్వం లోపించదు, పితృత్వం లోపించదు. అందువలన తల్లి దగ్గర పెరిగే బిడ్డ తండ్రిని స్మరిస్తే అది తల్లికి ద్రోహం కాదు, విధ్యుక్తమైన ధర్మం. ఆ స్మరణను అడ్డుకునే అమ్మమ్మ బిడ్డ చేత విధిని ఉల్లంఘింపజేస్తున్నది.

గోత్రం అలక వచ్చినప్పుడు మార్చుకునే ఇంటిపేరు పలక కాదు. శాస్త్ర ప్రకారం జన్మగోత్రం మారాలంటే దత్తత జరగాలి. దానికి దాతలు, ప్రతిగ్రహీతలు, హోమం అనే ప్రక్రియ ఉన్నది. న్యాయస్థానం దంపతులకు విడాకులు ఇచ్చినంత మాత్రాన బిడ్డకు తండ్రి గోత్రంతో విడాకులు రాలేదు. తండ్రి వంక సాపిండ్యం పోలేదు, తల్లి వంక సాపిండ్యమూ పోలేదు. ఏ శుభకార్యానికైనా ముందు జరిపే నాందిలో పితృవర్గం, మాతృవర్గం, మాతామహవర్గం అన్నింటినీ ఆహ్వానిస్తారు. ఒక వర్గాన్ని కోపంతో వదిలివేసే వికల్పం ఏ ప్రయోగ గ్రంథంలోనూ లేదు. దివంగతులైన పితృదేవతలనే మనం ఆ విధంగా వేరు చేయలేనప్పుడు, సజీవంగా ఉన్న తండ్రిని అర్చన పళ్ళెం ముందు మాయం చేసే అధికారం ఎవరిచ్చారు? ఆ అర్చకుడు చేయవలసినది ఒక్కటే. బాలుని వైపు వంగి, “నీ గోత్రం నీవు చెప్పు బాబూ” అని, అతడు చెప్పిన దానినే గట్టిగా ఉచ్చరించాలి. ఆ రెండు క్షణాల ధైర్యం లేక అతడు ఈశ్వర సన్నిధిలో ఒక బిడ్డను అనామక గోత్రుణ్ణి చేశాడు.

నిజంగా గోత్రమే తెలియని బాలుని కథ మన ఉపనిషత్తులోనే ఉన్నది. ఛాందోగ్యంలోని సత్యకామ జాబాలుడు బ్రహ్మచర్యానికి బయలుదేరుతూ తల్లిని గోత్రం అడిగాడు. ఆమె ఏదో ఒక గొప్ప ఋషి పేరు కల్పించి పంపలేదు. యౌవనంలో పరిచర్యలతో తిరుగుతూ నిన్ను పొందాను, నీ గోత్రం ఏదో నాకు తెలియదు, నేను జబాలను, నీవు సత్యకాముడవు, అలాగే చెప్పుకో అన్నది. అతడు హారిద్రుమత గౌతముని ముందు ఆ మాటనే యథాతథంగా చెప్పాడు. గౌతముడు సమిధలు తెమ్మన్నాడు. ఆ క్షణంలో గౌతముడు మన వెనుక వరుసలోని పెద్దమనిషి వంటివాడై ఉంటే ఉపనిషత్తులో ఆ అధ్యాయమే ఉండేది కాదు.

ఆ పెద్దమనిషి వాదమే అన్నింటిలోకి ప్రమాదకరమైనది, ఎందుకంటే అది శాస్త్ర వేషంలో వస్తుంది. మూలలో పుడితే తండ్రికి అరిష్టమనీ, ఫలానా పాదంలో పుడితే ఇల్లు చెదురుతుందనీ బిడ్డ వింటూ ఉండగా పలికే నోళ్ళు ప్రతి ఊరిలో ఉన్నాయి. జ్యోతిషం వేదాంగం, దాని గౌరవం దానికి ఉన్నది. నక్షత్ర శాంతులు విహితాలు. శ్రద్ధ ఉన్నవారు జరిపించుకోవచ్చు. అయితే శాంతి విధానం పెద్దలకు చెప్పినది, బిడ్డ పుట్టిన తొలి రోజులలోనే సాధారణంగా ముగిసిపోయేది. తొమ్మిదేళ్ళ తరువాత ఒక బాలుని చెవిలో “నీ వలననే” అని ఊదే విధి ఏ సంహితలో ఉన్నది?

పైగా ఈ వాదం కర్మసిద్ధాంతాన్నే కూలదోస్తున్నది. కర్మసిద్ధాంతాన్ని సమర్థించే మన దార్శనికులు పదే పదే చూపే యుక్తి ఒకటి ఉన్నది: చేసిన కర్మ ఫలమివ్వకుండా నశించరాదు, చేయని కర్మకు ఫలం రారాదు. కృతనాశం, అకృతాభ్యాగమం అనే ఈ రెండు దోషాలు లేకుండా ఉండటానికే జన్మాంతరాన్ని అంగీకరించారు. భార్యాభర్తలు కలహించుకున్నారు, కఠినంగా మాట్లాడినది వారు, సహించలేకపోయినది వారు. ఆ కర్మకు కర్తృత్వం ఉయ్యాలలోని శిశువుది అంటే, చేసినవారి కృతం నశించింది, చేయనివానికి అకృతం వచ్చిపడింది. రెండు దోషాలూ ఒకే వాక్యంలో! నాస్తికుడు కూడా కర్మసిద్ధాంతాన్ని ఇంత సమర్థంగా ఖండించలేడు.

ఇక్కడ పూర్వపక్షి ఒక మెట్టు దిగి మరొకటి అంటాడు: “సరే, కలహానికి కర్త బిడ్డ కాదు. అయినా అటువంటి తల్లిదండ్రుల కడుపున పుట్టడం వాని ప్రారబ్ధం కదా? ఎవరి ప్రారబ్ధం వారు అనుభవించాలి, మధ్యలో మనమెవరం?” ప్రారబ్ధం అనుభవించేవాని వైపు నుండి చెప్పే సమాధానం. చేసేవాని బాధ్యతను తుడిచివేసే గుడ్డ కాదు. బావిలో పడినవాడు ప్రారబ్ధవశాన పడి ఉండవచ్చు. తోసినవానికి పాపం తప్పదు. గట్టున నిలబడి తాడు వేయకుండా ప్రారబ్ధ మీమాంస చేసేవానికి మరింత తప్పదు. ఆ బాలుడు మునిగిపోవడం ఎంత ప్రారబ్ధమో, ఆ వేళకు ఒక మేనమామో, ఒక గురువో, ఒక అర్చకుడో చేయి అందించడం కూడా అంతే ప్రారబ్ధం కావచ్చు. కర్మగతి అతీంద్రియం. దానిని చూచే కన్ను లేనివాడు పరుల బిడ్డల పూర్వజన్మలను గూర్చి తీర్పులు చెప్పరాదు.

ఇంతకూ పసివారికి శిక్ష వేసిన విషయంలో ధర్మదేవతకే ఏమి జరిగిందో భారతం చదివినవారు ఎరుగుదురు. బాల్యంలో ఒక చిన్న ప్రాణిని పుల్లతో గుచ్చినందుకు మాండవ్య మహర్షికి శూలారోపణ ఫలం వచ్చింది. తెలియని వయస్సులో చేసిన దానికి ఇంత దండనమా అని ఆయన యముణ్ణి నిలదీశాడు, మానవుడై పుట్టమని శపించాడు, పదునాలుగవ ఏటి వరకు చేసినది పాతకం కాదని మర్యాద స్థాపించాడు. యముడు విదురుడై పుట్టాడు. బాలుడు తానే చేసిన తప్పుకు శిక్ష వేసినందుకు ధర్మరాజుకు ఆ గతి. బాలుడు చేయనే చేయని దానికి శిక్ష వేస్తున్న ఈ వరుసలోని పెద్దమనుషులు దేనికి సిద్ధపడుతున్నారో ఆలోచించుకోవాలి.

బిడ్డలు మాట వింటారు. మాట లేకపోతే తామే అల్లుకుంటారు. ఐదారేళ్ళ వయస్సులో లోకానికంతటికీ తానే కారణమని పిల్లలు సహజంగా భావిస్తారు. తాను అల్లరి చేసినందువల్లనే నాన్న ఇల్లు వదిలాడని, తాను జ్వరపడితే తిరిగి వస్తాడని అనుకునే పసివారు ఉన్నారు. ఆ ఊహ మీద పెద్దల జాతకప్రలాపం పడితే అది జీవితాంతం ఊడదు. అందుచేత ఈ వియోగ సమయంలో పెద్దలు మొట్టమొదట చెప్పవలసిన మాట, ఒక్కసారి కాదు, అనేకసార్లు, ఇద్దరూ విడివిడిగా చెప్పవలసిన మాట: “ఇది పెద్దవాళ్ళ మధ్య వచ్చిన చిక్కు. నీ వలన రాలేదు. దీనిని సరిచేయవలసిన పని నీది కాదు. నీకు అమ్మ అమ్మే, నాన్న నాన్నే.”

చెప్పకుండా దాచేవారు తాము కరుణతో చేస్తున్నామనుకుంటారు. “నాన్న పని మీద ఊరు వెళ్ళాడు” అని సంవత్సరాలు నడిపిస్తారు. భారతంలోని వనపర్వంలో దీనికి కఠినమైన దృష్టాంతం ఉన్నది. కహోడుడు జనకుని సభలో వందితో వాదానికి దిగి ఓడి జలమగ్నుడైనప్పుడు, అతని భార్య సుజాత గర్భవతి. ఆమె తండ్రి ఉద్దాలకుడు మహాజ్ఞాని. ఆయన కూడా ఈ సంగతి పుట్టబోయే బిడ్డకు తెలియనివ్వవద్దన్నాడు. అష్టావక్రుడు తాతగారినే తండ్రి అనుకున్నాడు, మేనమామ శ్వేతకేతువును అన్న అనుకున్నాడు. పన్నెండేళ్ళ వయస్సులో ఒకనాడు ఉద్దాలకుని ఒడిలో కూర్చుని ఉండగా, అంతే వయస్సు గల శ్వేతకేతువు వచ్చి చేయి పట్టి లాగి, ఇది నీ తండ్రి ఒడి కాదన్నాడు. అష్టావక్రుడు ఏడుస్తూ తల్లి దగ్గరకు వెళ్ళి నా తండ్రి ఎక్కడ అని అడిగాడు. అప్పుడు ఆమె నిజం చెప్పక తప్పలేదు.

పన్నెండేళ్ళు దాచిన నిజం ఏ విధంగా బయటపడిందో గమనించాలి. చెప్పవలసిన ఉద్దాలకుడు చెప్పలేదు, చెప్పవలసిన తల్లి చెప్పలేదు. ఒక తోటి పిల్లవాడు, అసూయతో, అవమానంగా చెప్పాడు. దాచిన ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. బడిలోనో, పెళ్ళిపందిట్లోనో, పెద్దనాన్నగారి పిల్లలతో ఆటలోనో ఎవరో ఒకరు చేయి పట్టి లాగుతారు. నిజం ఎలాగూ తెలుస్తుంది. తల్లి ఒడిలో తెలియడమా, నలుగురిలో తెలియడమా అన్నదొక్కటే పెద్దల చేతిలో ఉన్నది. ఆ కథలో మరొక విశేషం ఉన్నది. ఆ తండ్రి, గర్భంలో ఉన్న బిడ్డ తన అధ్యయనంలో తప్పు చూపినందుకు ఎనిమిది వంకరలతో పుట్టమని శపించినవాడు. అటువంటి తండ్రి కోసమే నిజం తెలిసిన ఆ రాత్రే బాలుడు బయలుదేరాడు. నిజం బిడ్డను విరిచివేస్తుందని భయపడే పెద్దలు తమ బలహీనతను బిడ్డకు ఆరోపిస్తున్నారు.

నిజం చెప్పడమంటే దంపతుల పడకగది వ్యవహారాలు, అప్పులు, అనుమానాలు, కోర్టు కాగితాలు పసివాని ముందు పరచడం కాదు. వానికి కావలసిన నిజం చాలా చిన్నది. రేపు ఏ ఇంట్లో నిద్ర లేస్తాను? బడి మారుతుందా? నాన్న ఏ రోజు వస్తాడు? చెల్లి నాతోనే ఉంటుందా? సంక్రాంతికి తాతయ్యగారి ఊరు వెళ్తామా లేదా? వీటికి స్థిరమైన జవాబులు ఇచ్చి, ఇచ్చిన మాట తప్పకుండా ఉంటే చాలు. ఆదివారం వస్తానన్న తండ్రి ఆదివారం రావాలి. వీధి అరుగు మీద స్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని కూర్చున్న బిడ్డను సాయంకాలం దాకా ఎదురుచూడనిచ్చే తండ్రి, ఎన్ని ప్రదక్షిణలు చేసినా ఆ పాపం పోగొట్టుకోలేడు. నాన్న వస్తున్నాడని తెలిసి ఆ రోజే బిడ్డకు తలనొప్పి కల్పించే తల్లి విషయమూ అంతే.

చట్టం ఈ విషయంలో మన పెద్దమనుషుల కంటె ధర్మానికి దగ్గరగా ఉన్నదంటే కోపం తెచ్చుకోరాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడిపోయే అవకాశం 1976లో చేరింది. బిడ్డల సంరక్షణ విషయంలో మాత్రం 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం బిడ్డ క్షేమమే పరమ ప్రమాణమన్నది. ఐదేళ్ళు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలన్నది. తల్లి హక్కు, తండ్రి హక్కు అనేవి ఆ క్షేమం తరువాతవే. న్యాయమూర్తి ఆ మాట చెప్పేదాకా ఆగకుండా, రెండు కుటుంబాల పెద్దలు ముందే కూర్చుని చెప్పుకుంటే బిడ్డ కోర్టు వరండా చూడనవసరం ఉండదు.

మన ఇళ్ళలో పిల్లలను నవ్వుతూ అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: “నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?” కలిసి ఉన్న ఇంట్లో అది వినోదం. చీలిన ఇంట్లో అది న్యాయస్థానంలో సాక్ష్యం. ఏది చెప్పినా ఒకరికి ద్రోహం చేసినట్లే. పిన్నులు, అత్తలు, పొరుగువారు ఈ ప్రశ్నను ఇప్పటికైనా మానాలి. అదే విధంగా “డబ్బు పంపలేదని మీ నాన్నతో చెప్పు”, “మీ అమ్మ ఇంటికి ఎవరెవరు వస్తున్నారు?” అంటూ బిడ్డను రాయబారిగా, వేగులవానిగా వాడటం. రాయబారానికి శ్రీకృష్ణుడే వెళ్ళినా యుద్ధం ఆగలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఆపుతుందా?

ఆదిపర్వంలోని గంగాశంతనుల కథను ఈ దృష్టితో చదివినవారు అరుదు. నియమభంగం కావడంతో గంగ భర్తను విడిచి, బిడ్డను తీసుకుని వెళ్ళిపోయింది. అది దివ్యకథ, శాపం, వసువులు, వేరే కారణాలు ఉన్నాయి. అయినా వియోగానంతరం ఆమె చేసినది చూడాలి. వసిష్ఠుని వద్ద వేదం, పరశురాముని అస్త్రవిద్య కుమారునికి సమకూర్చింది. యౌవనంలోకి వచ్చిన దేవవ్రతుణ్ణి తండ్రి ముందుకు తెచ్చి, ఇడుగో నీ కుమారుడు అని అప్పగించింది. పాత కలహం ఎత్తలేదు. ఇంతవరకు ఆదర్శమే.

తరువాతి భాగమే ఆలోచింపజేస్తుంది. శంతనుడు సత్యవతిని కోరి, దాశరాజు నియమం విని, కుమారుని ముఖం చూసి పైకి ఏమీ అనలేక దుఃఖంలో మునిగాడు. అడగలేదు నిజమే, కానీ ఆ దుఃఖాన్ని కుమారుడు చూసేటట్లు ఉండిపోయాడు. దేవవ్రతుడు కారణం తెలుసుకుని, తానే వెళ్ళి, రాజ్యాన్ని, వివాహాన్ని, సంతానాన్ని త్యజించాడు. భీష్ముడయ్యాడు. ఆ త్యాగానికి నమస్కరించవలసిందే. అయితే నమస్కరించేవారు ఆ తరువాతి పర్వాలు కూడా చదవాలి. తండ్రి రెండవ వివాహానికి మొదటి బిడ్డ జీవితం మూల్యమైనది. ఆ వంశం చివరికి కురుక్షేత్రంలో కూలింది. తమ దుఃఖాన్ని బిడ్డ కళ్ళ ముందు పరచి, బిడ్డ ఓదార్పు కోసం ఎదురుచూసే తల్లులు, తండ్రులు ఇప్పుడు ఎందరు! “నీవు తప్ప నాకెవరున్నారు” అని పదేళ్ళ కూతురు ఒడిలో తల పెట్టి ఏడ్చే తల్లి, తెలియక ఒక చిన్న భీష్ముణ్ణి తయారుచేస్తున్నది. ఆ పిల్ల ఆటలు మానుతుంది, పెద్దరికం వహిస్తుంది, అందరూ “ఎంత బుద్ధిమంతురాలో” అంటారు. పెద్దల దుఃఖానికి పెద్దలే దిక్కు: తోబుట్టువులు ఉన్నారు, గురువు ఉన్నాడు, వైద్యుడు ఉన్నాడు, దేవుడు ఉన్నాడు. ఆ బరువుకు పసి భుజం తగదు.

ధ్రువోపాఖ్యానంలోని సునీతి ఇందుకు సరిగా ఎదురుగా నిలుస్తుంది. సవతి మాటలతో గాయపడి వచ్చిన ఐదేళ్ళ బిడ్డను ఒడిలోకి తీసుకున్నది. తానూ కన్నీరు పెట్టింది. కానీ పరులకు కీడు తలపవద్దన్నది. తన పగకు బిడ్డను ఆయుధం చేయలేదు. తపస్సు ముగించి తిరిగి వచ్చిన ధ్రువుడు సురుచికి సైతం నమస్కరించగలిగాడంటే అది సునీతి పెంపకం. ఆ కథలో అసలు నేరస్థుడు ఒడిలోకి రాబోయిన బిడ్డను చూస్తూ నోరు మెదపని ఉత్తానపాదుడు. నారదుడు వచ్చినప్పుడు ఆయనే స్వయంగా పశ్చాత్తాపపడ్డాడు. కొత్త సంసారం ఏర్పడగానే పాత బిడ్డ విషయంలో మౌనవ్రతం పట్టే తండ్రులకు ఇంతకంటె వేరే ఉపన్యాసం అక్కరలేదు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. తాగి కొట్టేవాడు, బిడ్డను హింసించేవాడు తండ్రి అయినా, అటువంటి తల్లి అయినా, బిడ్డను ఒంటరిగా వారి చేతికి ఇవ్వమని ఏ ధర్మమూ చెప్పదు. ప్రహ్లాదుని రక్షించడానికి స్వామి స్తంభాన్నే చీల్చుకుని వచ్చాడు. తండ్రితో సర్దుకుపొమ్మని ఉపదేశించలేదు. అయినా ఆ బాలుడు వరం అడిగినప్పుడు తండ్రి పాపం పోవాలనే అడిగాడు. రక్షణ వేరు, ద్వేషం వేరు. మొదటిది పెద్దలు తప్పక కల్పించాలి. రెండవది నేర్పవలసిన అవసరం ఎప్పుడూ లేదు.

చివరిగా సంస్కారాల విషయం. విడిపోయిన దంపతుల కుమారునికి ఉపనయనం చేయించమని అడిగితే, “పీటల మీద కూర్చునే దంపతులు లేరు కదా” అని వెనుకాడే పురోహితులు ఉన్నారు. ఫలితంగా ఏళ్ళు దాటిపోతాయి. పెళ్ళికి ముందురోజు జంధ్యం వేస్తారు. ధర్మశాస్త్ర నిబంధాలు ఉపనయన కర్తృత్వాన్ని వరుసగా చెప్పాయి: తండ్రి, ఆయన లేనప్పుడు పితామహుడు, తరువాత పినతండ్రి లేదా పెదతండ్రి, సోదరుడు. కన్యాదానం చేయదగినవారిని చెబుతూ యాజ్ఞవల్క్యుడు తండ్రి, తాత, సోదరుడు, సకుల్యుల తరువాత తల్లిని కూడా పేర్కొన్నాడు. ఋషులు తెరచి ఉంచిన ద్వారాలను పురోహితుడు మూయరాదు.

కొంగులు ముడివేయనవసరం లేదు. లేని దాంపత్యాన్ని ఒక పూట నటించమని ఎవరూ అడగరాదు, ఫోటోల కోసం అసలే అడగరాదు. తండ్రి బ్రహ్మోపదేశం చేస్తాడు. తల్లి మొదటి భిక్ష పెడుతుంది. ఒకరి పని అయిన తరువాత ఒకరు, అవసరమైతే వేదికకు చెరొక వైపున నిలబడి, ఆ రెండు గంటలు పరస్పరం మాట్లాడకపోయినా పరవాలేదు. శుభలేఖలో ఇద్దరి పేర్లూ ఉండాలి. నాందిలో రెండు వంకల పెద్దలనూ పిలవాలి. తాతయ్యలు ఇద్దరూ అక్షతలు వేయాలి. విదేశంలో ఉన్న తండ్రి సెలవు దొరికే తేదీని బట్టి ముహూర్తం పెట్టమంటే, పంచాంగంలో మరొక మంచి రోజు వెతకడం పురోహితునికి పెద్ద శ్రమ కాదు. ఆ రోజు నుండి వటువు సంధ్యావందనం అమ్మ ఇంట్లోనూ అదే, నాన్న ఇంట్లోనూ అదే. రెండు ఇళ్ళలోనూ ఒక పంచపాత్ర, ఒక ఉద్ధరిణి, ఒక చాప వాని కోసం విడిగా ఉంచాలి. అభివాదం చెప్పేటప్పుడు ఏ ఇంట్లోనైనా వాడు తన ప్రవర, తన గోత్రం గొంతెత్తి చెప్పాలి. పక్కన ఉన్నవారు అడ్డురాకూడదు.